మెడ వెనక పేరు

సోమవారం లోపు కావలసినవి ఇవీ. శవపేటికలు కొన్ని, వడ్రంగి ఎన్ని ఇవ్వగలిగితే అన్ని. లోపల ఎవరూ లేకపోయినా మోసేవాళ్ల నడుం వంగాలి కాబట్టి అడుగున ఇసుక పోయాలి. మోసేవాళ్లకి నల్ల టోపీలు, పెద్దవాళ్ల ఇళ్లల్లో అడిగి తేవాలి. గోదాముల్లో పట్టిన ఎలుకలు, బతికున్నవే, బోనుల్లో. రేవు వీధిలో కిటికీ అద్దాలకి మసి పూయాలి. మిట్టమధ్యాహ్నం ఆ వీధిలో ఎవరూ బట్టలు ఆరేయకూడదు, ఎందుకంటే సినిమాలో అది అర్ధరాత్రి. చివరిగా, శవానికి తొడిగే చొక్కా ఒకటి. తెల్ల నారబట్టతో, పాదాల దాకా ఉండాలి. తొడుక్కునే మనిషి పేరు మెడ వెనక కుట్టి ఉండాలి.

బెర్లిన్ నుంచి వచ్చిన ఎర్నా ఇవన్నీ వేళ్లు మడుస్తూ చెప్పింది. సినిమా కంపెనీలో బట్టల పెత్తనం ఆమెది. కుట్టుపని చేసే విబ్కె పాగెల్స్ వంటింట్లో కూర్చుని, వేయించిన బార్లీ గింజల కాఫీ తాగుతూ, ఆ చేదుకి మొహం చిట్లిస్తూ చెప్పింది.

"చివరిది మీ పని, పాగెల్స్ గారూ. మీ ఆంకెకే ఆ చొక్కా."

విబ్కె చేతిలో సూది ఆగింది.

"పేరెందుకండీ?"

"ఎందుకేమిటి? మా దగ్గర ప్రతి బట్టకీ పేరుంటుంది. లేకపోతే ఎవరి కోటు ఎవరు తగిలించుకున్నారో తెలిసి చస్తుందా? పోయినేడు తీసిన సినిమాలో పెళ్లికొడుకు బూడిదరంగు కోటుతో చర్చిలోకి వెళ్లి నల్ల కోటుతో బయటికొచ్చాడు. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. అప్పట్నుంచి పేరు లేని గుడ్డముక్క నా పెట్టె ఎక్కదు."

"శవం చొక్కాకి కూడానా?"

"శవమూ జీతం తీసుకునే మనిషే కదండీ" అని ఎర్నా నవ్వి, కప్పు పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఆమె బెర్లిన్ మనిషి. ఆమెకి తెలియదు. స్ట్రాల్‌జుండ్ రేవులో పుట్టిన ఏ ఆడదీ ఆ మాట నవ్వుతూ అనగలిగేది కాదు.

ఆ సముద్రతీరంలో పేరు కుట్టని బట్ట ఉండదు. ఊరి బయట పచ్చికలో అందరి దుప్పట్లూ ఒకచోటే ఆరతాయి కాబట్టి ఆడపిల్లలు అక్షరాలు రాయడం కన్నా ముందు ఎర్ర దారంతో కుట్టడం నేర్చుకుంటారు. కానీ మనిషి పోయాక, పెట్టెలో పడుకోబెట్టే ముందు, మెడ వెనక తడిమి ఆ పేరు కత్తిరించి తీసేస్తారు. తీయకపోతే ఏమవుతుందో అక్కడ పాలు తాగే పిల్లలకీ తెలుసు. మట్టిలో మెలకువ వచ్చిన మనిషికి ఆకలేస్తుంది. తినడానికి అక్కడ ఏముంది? ఒంటి మీద చొక్కా ఉంది. అంచు నుంచి నమలడం మొదలుపెడతాడు. నమిలి నమిలి పేరు దాకా వచ్చాడంటే ఆ ఇంటిపేరున్న వాళ్లు ఒక్కొక్కరే చిక్కి శల్యమైపోతారు. అందుకని పేరు కత్తిరించి, ఆ ముక్కని ఇంట్లో దాస్తారు. మట్టి చేసి వచ్చిన వాళ్లందరూ బల్ల చుట్టూ కూర్చుని, రొట్టె తుంచబోయే ముందు, పోయిన మనిషి పేరు తలా ఒకసారి పైకి అంటారు.

"పేరు మట్టికి పోకూడదే. నోట్లో మిగలాలి" అంటుంది ట్రీనా మామ్మ. ఆ వీధిలో శవాలకి స్నానం చేయించేది ఆవిడే.

విబ్కె భయానికి కారణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ఆఖరి ఏడు శరదృతువులో ఆమె కొడుకు హిన్‌రిక్ నౌకాదళం నుంచి జ్వరంతో ఇంటికొచ్చాడు. అప్పుడు ఊరంతా అదే జ్వరం. పెట్టెలు దొరకలేదు. నలుగురు ఒకచోట చేరకూడదని పురపాలక కచేరీ వాళ్లు గోడల మీద కాగితాలు అంటించారు. ట్రీనా మామ్మే మంచం పట్టింది. ఒళ్లు కాలిపోతున్న విబ్కె ఒక్కతే కొడుక్కి నీళ్లు పోసి, తను కుట్టిన చొక్కా తొడిగింది. కాలర్ కింద 'హిన్‌రిక్ పాగెల్స్' అని ఎర్ర దారంతో ఉంది. కత్తెర చేతిలోకి తీసుకున్నట్టు గుర్తు. మెడ కింద చెయ్యి పెట్టి తల లేపినట్టు గుర్తు. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు. జ్వరం తగ్గాక ఇల్లంతా వెతికింది. పేరున్న గుడ్డముక్క ఎక్కడా దొరకలేదు. బల్ల చుట్టూ కూర్చోడానికి కూడా ఎవరూ రాలేదు.

క్రిస్మస్ వచ్చేసరికి ఆమె భర్త పేటర్ పోయాడు. నిన్నటిదాకా తెడ్డు వేసిన మనిషి మంచానికి అంటుకుపోయి, ఎండుచేపలా అయి పోయాడు.

ఇప్పుడు కూతురు ఆంకె దగ్గుతోంది.

*

ఆంకెకి పంతొమ్మిదేళ్లు. చేపలకి పొగ పెట్టే కొట్టంలో పని. పొద్దున్నించి సాయంత్రం దాకా చేపల్ని కడ్డీలకి గుచ్చి పొగలో వేలాడదీయడం. ఎన్నిసార్లు తల స్నానం చేసినా జుట్టులో ఆ వాసన పోదు. సినిమావాళ్లు ఊరి ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టినప్పుడు దర్శకుడు రోడె ఆమె దగ్గర ఆగి, గడ్డం పట్టుకుని మొహం ఎండకి తిప్పి, "ఈ పిల్ల. ఈ పిల్లకి రంగు కూడా అక్కర్లేదు" అన్నాడట. ఆంకె ఆ మాట ఇంటికి మోసుకొచ్చి పండగ కబురులా చెప్పింది. విబ్కె మాత్రం లేచి వెళ్లి పొయ్యి ఎగదోసింది.

సినిమా కథ ఇదీ. చచ్చిపోయిన ఒక దొర ఉప్పు ఓడలో ఈ రేవుకి వస్తాడు. వీధిలో నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. పలికినవాళ్లు మర్నాటికి పెట్టెలో ఉంటారు. మొదట పలికే పిల్ల ఆంకె.

"వెళ్లొద్దే" అంది విబ్కె.

"ఎందుకు?"

"ఒంట్లో బాగాలేదు నీకు."

"పొగలో నిలబడటానికి బాగానే ఉంది, పెట్టెలో పడుకోడానికి బాగాలేదా? పడుకునే పనమ్మా! నా జన్మలో ఎవరైనా నాకు పడుకునే పని ఇచ్చారా?"

"శవం చొక్కా తొడుక్కుని పడుకోవాలి. పేరుతో."

ఆంకె నవ్వు ఆగింది. అన్న సంగతి ఆ ఇంట్లో పేరు ఎత్తకుండా తిరిగే సంగతి. "అమ్మా, అవన్నీ ట్రీనా మామ్మ మాటలు" అంది, గొంతు తగ్గించి. "అన్న జ్వరంతో పోయాడు. నాన్న దిగులుతో పోయాడు. నేను పొగతో దగ్గుతున్నాను. ఎవరూ ఎవర్నీ నమలట్లేదు." మళ్లీ తనే, "వెళ్లకపోతే మాత్రం ఆ చేపలతోపాటు నేనూ ఎండిపోతాను. అది మాత్రం నిజం" అంది.



*

చచ్చిన దొర వేషం వేసే ఆల్బిన్ గారు విబ్కె ఇంట్లోనే మేడ మీద గదిలో దిగాడు. ఊరు ఆయన్ని చూసి జడుసుకుంది కాని, ఆయన అసలు పని నవ్వించడం. చిన్న ఊళ్ల నాటకాల్లో ముప్పై ఏళ్లుగా తప్పతాగిన మేనమామ వేషం, పెళ్లాం చేత తన్నులు తినే మొగుడి వేషం వేసి బతికాడు. నిట్టాడిలాంటి మనిషి. ఉడికించిన బంగాళాదుంపలు మజ్జిగలో ముంచుకుని తింటూ, "మీ వీధిలో పిల్లలు నన్ను చూసి పారిపోతున్నారమ్మా" అని బాధపడేవాడు. "ముప్పై ఏళ్లు పిల్లల్ని నవ్వించాను. ఇప్పుడు ఒక్క వేషంతో అదంతా నీటిపాలైంది."

"రంగు కడుక్కుని బయటికెళ్లండి."

"కడుక్కునే వెళ్లానమ్మా! అదే బాధ."

విబ్కె చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆయనకి భయం లేదు కాని మర్యాద ఉంది. సాధనకని బెర్లిన్ నుంచి తెచ్చిన పెట్టెలో పడుకునే ముందు ఆయన రోజూ దాని చెక్క మీద వేలితో రెండుసార్లు కొట్టేవాడు. ఎందుకని అడిగితే, "లోపల ఎవరైనా ఉన్నారేమో అని" అన్నాడు. అది హాస్యమో కాదో ఆమెకి తెలియలేదు.

శుక్రవారం ఎలుకల బోనులు తెచ్చి విబ్కె పెరటి కొట్టంలో పెట్టారు. ఇంకెక్కడా చోటు లేదన్నారు. అప్పట్నుంచి పట్టపగలు కూడా ఒకటే చప్పుడు. కొరుకుతున్న చప్పుడు. గట్టిది కాదు. బట్టని పళ్లతో లాగి, నమిలి, మళ్లీ లాగినట్టు.

"ఎలుకలే కదమ్మా. గోనెపట్టా నములుతున్నాయి" అంది ఆంకె.

నిజమే. విబ్కె వెళ్లి చూసింది. బోను కింద గోనె అంచు నలిగి తడిసి ఉంది. కాని ఆ చప్పుడు గురువారం కూడా విన్నది ఆమె. ఎలుకలు వచ్చింది శుక్రవారం.

ఆమె ఈ మాట ట్రీనా మామ్మతో చెప్పింది. ముసలావిడ గుమ్మంలో కూర్చుని ఈల్ చేప తోలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే వింది.

"హిన్‌రిక్ పేరు కత్తిరించే ఉంటావులే. చేతికి అలవాటైన పని అది. బుర్ర మర్చిపోయినా చెయ్యి మర్చిపోదు."

"మరి ముక్క ఏది మామ్మా?"

మామ్మ కత్తి పక్కన పెట్టింది. "అమ్మాయ్, చచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆకలిగొన్నవాళ్లు. మీ వాడు బతికుండగా కూడా ఇంటికి రాగానే మొదట వంటింట్లోకి వచ్చేవాడు, గుర్తుందా? వాడికి నువ్వు చెడ్డ చెయ్యలేదు. వాడూ నీకు చెడ్డ చెయ్యడు. పిల్ల చొక్కా మీద మాత్రం పేరు కుట్టకు. తెలిసి తెలిసి తలుపు తియ్యకు."

*

విబ్కె చొక్కా కుట్టింది. పేరు కుట్టకుండా ఇచ్చింది. ఎర్నా మెడ వెనక తిప్పి చూసి అది తిరిగి ఆమె ఒళ్లో పడేసింది.

"మరిచిపోయారు."

"కెమెరాకి కనబడదు కదండీ."

"నాకు కనబడుతుంది. పాగెల్స్ గారూ, మీకు కష్టమైతే నేనే కుడతాను. నాలుగు కుట్లు. దానికేం?"

"వద్దు" అంది విబ్కె, అనుకున్నదాని కన్నా గట్టిగా. "నేనే కుడతాను."

ఆ సాయంత్రం కిటికీ దగ్గర వెలుతురులో చొక్కా మోకాళ్ల మీద వేసుకుని కూర్చుంది. చేపల కొట్టం నుంచి ఆంకె ఇంకా రాలేదు. మేడ మీద ఆల్బిన్ గారు అద్దం ముందు నడక వేసుకుంటున్నాడు, చెక్కలు కిర్రుమంటున్నాయి. ఆంకె పేరు కుట్టలేదు ఆమె. లేని మనిషి పేరేదో ఒకటి కుడదామా అనుకుంది. కాని ఈ ఊళ్లో లేని పేరేది? ఏ పేరు కుట్టినా ఆ పేరుగల ఇంటి తలుపు వెళ్లి కొట్టినట్టే. పక్కింటివాళ్ల మీదికి తోసేయడానికి అదేమన్నా చెత్తబుట్టా?

సూదిలో ఎర్ర దారం ఎక్కించింది. పెళ్లయిన కొత్తలో తన దుప్పట్ల మీద ఏ అక్షరాలు కుట్టిందో అవే కుట్టింది. విబ్కె పాగెల్స్. ఇంటిపేరు ఇద్దరిదీ ఒకటే, పిలుపు మాత్రం ముందు తనకే రావాలి. కుట్టు అయ్యాక ముడివేసి, దారం పళ్లతో కొరికింది. కొరికిన క్షణంలో పెరట్లో ఆ చప్పుడు ఆగింది. అంతసేపూ ఆ చప్పుడు వస్తూనే ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది.

సోమవారం పొద్దున్న ఎర్నా హడావుడిలో ఉంది. ఎర్రటి 'పాగెల్స్' కళ్లబడగానే, ముందున్న పేరు చదవకుండానే, "ఊఁ" అని చొక్కా ఆంకె తల మీంచి దింపేసింది.

*

మిట్టమధ్యాహ్నం. ఎండ ఇటుక గోడల మీద పడి కళ్లు చెదిరిపోతున్నాయి. ఆ రోజుల్లో రాత్రి సీన్లు పట్టపగలే తీసేవాళ్లు. ఆ తర్వాత ఫిలింని నీలి రంగు నీళ్లలో ముంచేవాళ్లు. ముంచగానే ఎండ వెన్నెల అయిపోయేది. అందుకని రేవు వీధిలో ఆ వేళ అందరూ చెమటలు కక్కుతూ, చేతుల్లో వెలిగించిన లాంతర్లు పట్టుకుని, ఎండలో దారి కనబడనట్టు తడుముకుంటూ నడుస్తున్నారు. ఊరివాళ్లకి మొదట్లో నవ్వొచ్చింది. రెండోసారి నడిపించాక ఎవరూ నవ్వలేదు. సూర్యుడు నడినెత్తిన ఉండగా చీకటిలో ఉన్నట్టు నడవడం మనిషికి మంచిది కాదని ట్రీనా మామ్మ గుమ్మంలోంచి అంది.

ఉప్పు గోదాము వాకిట్లో పెట్టెలు వరసగా పెట్టారు. ఆంకె ఒకదాంట్లో పడుకుంది. ఆల్బిన్ గారు నల్ల కోటులో, మొహం నిండా పిండి తెలుపుతో, కళ్ల చుట్టూ మసితో, వేళ్లకి గట్టి కాగితపు గోళ్లతో వచ్చి, ఆమె పెట్టె మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. అలవాటు కొద్దీ. ఆంకె లోపల్నుంచి "ఉన్నాను, ఉన్నాను" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మూత వేశారు.

సీను చిన్నది. దొర వచ్చి మూత తెరుస్తాడు. పేరు పెట్టి పిలుస్తాడు. పిల్ల కళ్లు తెరిచి లేచి కూర్చుంటుంది.

"తిప్పు" అన్నాడు రోడె. కెమెరా పిడి తిరిగింది. ఆల్బిన్ గారు మూత తీశాడు. పెదాలు కదిలించాడు. ఆంకె లేవలేదు.

"మళ్లీ పిలవండి" అని అరిచాడు రోడె.

మళ్లీ పిలిచాడు. ఆంకె లేవలేదు. తెల్ల చొక్కా రొమ్ము మీద ఎర్రటి మరక ఒకటి, అరచేతి అంత, మెల్లగా పెద్దదవుతోంది. నోటి పక్కన కూడా ఉంది.

తాడు అవతల జనంలో నిలబడ్డ విబ్కె అది చూసింది. ఆమె కదిలేలోపే ఆల్బిన్ గారు వంగి, ఆ పిల్లని రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఎత్తుకుని వీధిలోకి నడిచాడు. విబ్కె ఇల్లు ఆ చివర. తల వెనక్కి వాలి, జుట్టు గాల్లో ఊగుతున్న పిల్లని మోసుకుంటూ ఆ పొడుగాటి మనిషి ఎండలో వస్తుంటే, కాసేపటి ముందు నవ్విన వీధే అది, కిటికీలు ఒక్కొక్కటే టపటపా మూసుకుంది. ఒకావిడ పిల్లాణ్ణి లోపలికి లాగి తలుపు గడియ పెట్టింది. లాంతర్లు పట్టుకున్న వాళ్లు గోడకి అంటుకుపోయారు. ఆయన మాత్రం ఎటూ చూడకుండా, పెదాలు కదుపుతూ, "ఆంకె, ఆంకె, లేమ్మా, లే తల్లీ" అంటూ నడిచాడు. కళ్లలోంచి కారే నీళ్లకి మసి చారలు కట్టింది.

కెమెరా తిప్పే మనిషికి ఎవరూ ఆపమని చెప్పలేదు. అతను తిప్పుతూనే ఉన్నాడు.

*

డాక్టరు వచ్చి ఊపిరితిత్తులన్నాడు. పొగ మాన్పించమన్నాడు. కిటికీలు తెరిచి పెట్టి, పాలు, గుడ్లు ఇవ్వమన్నాడు. పొద్దువాలే వేళకి ఆంకె కళ్లు తెరిచింది. విబ్కె మంచం పక్కనే ఉంది. రక్తం మరక ఉన్న చొక్కా తొట్టిలో నానుతోంది.

"అన్న వచ్చాడమ్మా" అంది ఆంకె.

విబ్కె దుప్పటి సర్ది దగ్గరికి జరిగింది.

"పెట్టెలో మూత వేశాక. చీకట్లో పక్కన పడుకుని ఉన్నాడు. నాకు భయమెయ్యలేదు. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకునేవాళ్లం కదా, అలాగే. నా మెడ కింద చెయ్యి పెట్టాడు. ఏదో తడిమాడు. తడిమి తడిమి, 'ఇది నీది కాదు' అన్నాడు. అంతే. చెయ్యి తీసేసుకున్నాడు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఏమిటమ్మా నాది కానిది?"

"జ్వరంలో ఏవో కనబడతాయి. పడుకో."

పొద్దుగుంకే ముందు ఎర్నా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినట్టుంది. రెండు నారింజ పళ్లు తెచ్చింది, ఆ రోజుల్లో అవి ఎక్కడ సంపాదించిందో. అయినా పని పనే. మిగిలిన సీను బెర్లిన్‌లో ఇంకో పిల్లతో, ముఖం కనబడకుండా తీస్తారట, అదే చొక్కా కావాలి. మరక కూడా అలాగే ఉండాలి. ఎరుపు కెమెరాకి నల్లగా పడుతుంది, రోడెకి అది నచ్చిందట.

విబ్కె తొట్టి దగ్గరికెళ్లి చొక్కా పిండింది. మరక పూర్తిగా పోలేదు. జేబులో కత్తెర ఉంది. మెడ వెనక భాగం చేతిలోకి తీసుకుంది. తడి గుడ్డ మీద తన పేరు ఇంకా ఎర్రగా కనబడింది. రెండు కత్తిరింపులు చాలు. ఈసారి గుర్తుంటుంది, ముక్క చేతిలో ఉంటుంది. కాని ఇది తీసేస్తే, వాడు మళ్లీ చీకట్లో తడుముకుంటూ ఎవరి మెడ దగ్గరికి వస్తాడు?

కత్తెర జేబులోనే ఉంచి, చొక్కా మడిచి ఎర్నా చేతికి ఇచ్చింది.

*

చలికాలం వచ్చేసరికి ఆంకె మెట్లెక్కుతోంది. విబ్కె మెట్ల దగ్గర ఆగుతోంది. దగ్గు ఆ మంచం నుంచి ఈ మంచానికి మారింది. రాత్రింబవళ్లు పక్కనే కూర్చున్న మనిషికి అంటుకోక ఏమవుతుందని డాక్టరు అన్నాడు. అది నిజం కాదని విబ్కె అనలేదు.

వసంతం మొదట్లో సినిమా ఊరికి వచ్చింది. తల్లీకూతుళ్లు వెళ్లారు. ఊరు ఊరంతా ఎవరి టోపీ ఎవరి నెత్తిన ఉందో గుర్తుపట్టి కేకలు వేస్తోంది. "ఒరేయ్, ఆ పెట్టె ముందు కొస పట్టుకున్నది మా బావ! బతికుండగా ఎప్పుడూ అంత వంగలేదు!" తెర నీలంగా మారింది. వాళ్లకి తెలిసిన ఎండే, చల్లటి వెన్నెలై రేవు వీధి మీద పడింది. ఆ నీలంలో దొర ఒక తెల్ల చొక్కా పిల్లని ఎత్తుకుని నడిచి వచ్చాడు. ఆమె రొమ్ము మీద మరక నల్లగా ఉంది. కిటికీలు మూసుకున్నాయి. దొర పెదాలు కదులుతున్నాయి. మాటల్లేని సినిమా కాబట్టి, పై ఊళ్ల వాళ్లు అతను ఆమె ప్రాణం తోడే మంత్రం చదువుతున్నాడని అనుకుని ఉంటారు. స్ట్రాల్‌జుండ్‌లో మాత్రం హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆయన ఏమన్నాడో వాళ్లకి తెలుసు.

విబ్కె కూతురి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. వెచ్చగా ఉంది. అది చాలనుకుంది.

ఏప్రిల్‌లో ఆల్బిన్ గారు వచ్చాడు. విబ్కె అప్పటికి మంచం దిగడం లేదు. ఆయన కోటు లోపల్నుంచి ఒక కాగితం పొట్లం తీశాడు.

"ఎర్నా పెట్టెలోంచి దొంగిలించానమ్మా. ముప్పై ఏళ్లు దొంగ వేషాలు వేసినా నిజంగా దొంగతనం ఇదే మొదటిసారి. చెప్పుల చప్పుడుకే సగం చచ్చాను. బెర్లిన్‌లో ఆ రెండో పిల్లకి తొడిగేటప్పుడు మెడ వెనక చదివాను. అర్థం కాలేదు. మీ ట్రీనా మామ్మ ఓసారి చెప్పిన మాట తర్వాత గుర్తొచ్చింది."

ఆంకె పొట్లం విప్పింది. చొక్కా తిప్పింది. చదివింది. 

"ఎవరు అడిగారు నిన్ను?" అంది. "ఎవరు అడిగారమ్మా?"

"నీ పేరుకి దారం చాల్లేదే" అంది విబ్కె.

"నా పేరు నీ పేరు కన్నా చిన్నది!" ఆంకె ఏడుస్తూ అరిచింది. గోడకి తగిలించిన కత్తెర లాక్కుంది. లేవలేని విబ్కె మంచం మీంచి లేచి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడు కాదు. నేను పోయాక. అప్పుడు రెండూ కత్తిరించు, దీని మీదిదీ, నా ఒంటి మీదిదీ. ముక్కలు దాచు. మర్చిపోనని చెప్పు."

"అమ్మా…"

"ముందు చెప్పు."

ఆంకె చెప్పింది. ఆల్బిన్ గారు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

విబ్కె పాగెల్స్ మే నెలలో పోయింది. ఆంకె రెండు పేర్లూ కత్తిరించి ప్రార్థనల పుస్తకంలో పెట్టింది. బల్ల చుట్టూ ట్రీనా మామ్మ, ఆల్బిన్ గారు, చేపల కొట్టం ఆడవాళ్లు, బెర్లిన్ నుంచి రైలెక్కి వచ్చిన ఎర్నా కూర్చున్నారు. తలా ఒకసారి విబ్కె పేరు పైకి అన్నారు. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే ట్రీనా మామ్మ హిన్‌రిక్ పేరు అంది. మిగిలినవాళ్లూ అన్నారు. అప్పుడు రొట్టె తుంచారు. ఆంకె ముసలిదై, మనవల్ని ఎత్తుకున్నాకే పోయింది.

కాని ఒకటి మిగిలిపోయింది. ఆంకె దాని గురించి చివరిదాకా బెంగపడేది. ఇంట్లో ఉన్న చొక్కాలో పేరు తీసేయగలిగింది. తెర మీది చొక్కాలో పేరు అలాగే ఉంది. ఆ ఫిలిం ఎక్కడ తిరిగినా ఆ చొక్కా మళ్లీ పెట్టెలో పడుకుంటుంది, మూత మళ్లీ పడుతుంది, మెడ వెనక ఆ పేరు చీకట్లోకి వెళుతుంది. అక్కడికి ఏ కత్తెరా చేరదు. సినిమా మొదట్లో వేసే పేర్లలో రోడె పేరుంది, ఆల్బిన్ గారి పేరుంది, కెమెరా తిప్పిన మనిషి పేరుంది. చొక్కా కుట్టిన మనిషి పేరు లేదు.

అందుకని చదివినవాళ్లని అడిగేది ఇదొక్కటే. ఎప్పుడైనా ఎక్కడైనా ఆ పాత బొమ్మ మీ కంటపడితే, నీలి వెన్నెలలో ఒక పొడుగాటి మనిషి తెల్ల చొక్కా పిల్లని ఎత్తుకుని నడిచే చోట, కిటికీలు మూసుకునే చోట, పక్కవాళ్లు ఏమనుకున్నా సరే, ఒక్కసారి పైకి అనండి. విబ్కె పాగెల్స్ అని. ఆమెని గుర్తుంచుకోండి.